ఇద్దరు ఎడ్మోన్‌లు, నాలుగు ఉత్తరాలు: రంగసామగ్రి డైరీ

మా నాటక సమాజం ఈ ఏడాది వేస్తున్న నలభై నిమిషాల నాటిక కోసం నేను చేసిన ఉత్తరాల లెక్క ఇది. పాతకాలపు ఉత్తరాలు చేయాల్సిన వాళ్ళు ఇందులోని కొలతలు నేరుగా వాడుకోవచ్చు. నేను చెడగొట్టిన ముప్పై ఆరు కాగితాలు వాళ్ళకు మిగిలితే చాలు.

ముందు మనుషుల సంగతి. ఎడ్మోన్ గో (1822–1901) పారిస్‌లోని కొమెడీ ఫ్రాన్సేజ్‌లో హాస్యనటుడు. 1844లో అక్కడ తొలిసారి రంగమెక్కి, దాదాపు అర్ధశతాబ్దం ఆ వేదికనే అంటిపెట్టుకున్నాడు. ఎడ్మోన్ మాంబ్రే (1820–1882) సంగీతకర్త. నటుడు మాటలు రాసి సంగీతకర్తకు ఇచ్చాడు. అలా ‘ఫ్రాన్సువా విల్లోన్’ అనే ఏకాంక ఒపెరా 1857లో, ‘లెస్క్లావ్’ 1874లో పారిస్ ఒపెరాలో ఆడాయి. ఈ ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలుగా మా నాటికను రాశారు. ఇద్దరి పేరూ ఎడ్మోనే కావడం కథకు బాగా కలిసివచ్చింది.

నాటికలోని ఉత్తరాల్లో ఉన్న మాటలు మా రచయిత్రి గారు ఊహించినవి, గో రాసినవి కావు. అందుకే నేను పట్టుబట్టాను: మాట ఊహ అయినప్పుడు కాగితం, సిరా, తపాలా బిళ్ళ, వారం, తూకం నిజం కావాలి. ఉత్తరంలో ప్రేక్షకుడు నమ్మడానికి మిగిలేది అవే.

దశ 1: తేదీలు, వారాలు (జూన్ 2 – జూన్ 9)

స్క్రిప్టులో మొదటి ఉత్తరం పైన ‘గురువారం’ అని ఉంది. లోపల ‘నిన్న రాత్రి మన విల్లోన్ ఆడింది’ అని ఉంది. తొలి ప్రదర్శన 1857 ఏప్రిల్ 20న. అది ఏ వారమో చూడకుండా కాగితం ముట్టుకోకూడదని అనుకున్నాను. ఫోనులో చూస్తే క్షణంలో తెలుస్తుంది, కానీ చేత్తో లెక్క కట్టడం నేర్చుకుంటే సాధనలో ఎవరు అడిగినా అక్కడికక్కడే చెప్పవచ్చు.

1. 1900 జనవరి 1 సోమవారం. దీన్ని గుర్తుపెట్టుకోవాలి.
2. 1857 నుంచి 1900 దాకా 43 ఏళ్ళు. మధ్యలో లీపు సంవత్సరాలు 10. మొత్తం 53. ఏడుతో భాగిస్తే శేషం 4.
3. సోమవారం నుంచి నాలుగు రోజులు వెనక్కి వెళితే గురువారం. అంటే 1857 జనవరి 1 గురువారం.
4. ఏప్రిల్ 20 ఆ ఏడాదిలో 110వ రోజు. 109ని ఏడుతో భాగిస్తే శేషం 4. గురువారానికి నాలుగు కలిపితే సోమవారం.

ప్రదర్శన సోమవారం. కాబట్టి మర్నాటి ఉత్తరం పైన ‘మంగళవారం’ అని ఉండాలి.

ఇదే పద్ధతిలో 1874 జులై 15 చూశాను. అది ‘లెస్క్లావ్’ తొలి ప్రదర్శన. 26 ఏళ్ళు, 6 లీపు సంవత్సరాలు, మొత్తం 32, శేషం మళ్ళీ 4. ఆ ఏడాది కూడా గురువారంతోనే మొదలైంది. జులై 15 అంటే 196వ రోజు. 195కు శేషం 6. బుధవారం వచ్చింది. ఆ కాలంలో పారిస్ ఒపెరా ప్రదర్శనలు మామూలుగా సోమ, బుధ, శుక్రవారాల్లో ఉండేవి. నా రెండు లెక్కలూ ఆ వారాల్లోనే పడ్డాయి. ఆ సాయంత్రం నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు.

వారాలు సరిచూస్తుంటే మిగతా తప్పులూ బయటపడ్డాయి:

1. నాలుగో ఉత్తరంలో (1874) గార్నియే కట్టిన కొత్త ఒపెరా భవనం, దాని పెద్ద దీపగుచ్ఛం ప్రస్తావన ఉంది. ఆ భవనం 1875 జనవరి 5న తెరిచారు. ల పెల్తియే వీధిలోని పాత ఒపెరా 1873 అక్టోబరులో కాలిపోయింది. మధ్యకాలంలో ఒపెరా వాంతదూర్ భవనంలో తలదాచుకుంది. దీపగుచ్ఛం తీసేశాం. ‘కాలిపోయిన ఇల్లు వదిలి అద్దె ఇంట్లో మన పాట’ అన్న భావం రచయిత్రి గారు పెట్టారు. ముందున్న దానికంటే ఇది ఎంతో బాగుంది.
2. అదే ఉత్తరం గొట్టాల తపాలాలో గంటలో చేరినట్టు ఉంది. పారిస్ భూగర్భ గొట్టాల్లో గాలి ఒత్తిడితో ఉత్తరాలు పంపే సౌకర్యం మామూలు జనానికి అందింది 1879లో. మామూలు తపాలాగా మార్చాం.
3. మూడో ఉత్తరం లండన్ నుంచి. 1871లో పారిస్ కమ్యూన్ (నగరాన్ని తిరుగుబాటుదారులు ఏలిన కాలం) రోజుల్లో గో తన తోటి నటులను తీసుకుని లండన్ వెళ్ళి, స్ట్రాండ్‌లోని ఒపెరా కొమీక్ నాటకశాలలో ప్రదర్శనలు ఇప్పించాడు. స్క్రిప్టులో ఆ ఉత్తరానికి బిళ్ళ ఉంది. కానీ ఆ వసంతంలో తపాలా యంత్రాంగం వెర్సాయ్‌కి తరలిపోయి, పారిస్‌కు మామూలు తపాలా తెగిపోయింది. బిళ్ళ తీసేసి, ప్రయాణికుడి చేతికి ఇచ్చిన ఉత్తరంగా చేశాం.

మూడో మార్పు వల్ల నాటికలో ఒక పాత్ర పెరిగింది. దర్శకుడు గారు మొదట ఒప్పుకోలేదు. ‘ఒక్క బిళ్ళ కోసం ఇంకో నటుడా?’ అన్నారు. ఉత్తరం తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి టోపీ తీసే దృశ్యం సాధనలో చూశాక ఆయనే దాన్ని పొడిగించారు.

ఇప్పటిదాకా: ఖర్చు 0, చెడిన కాగితాలు 0, దిద్దిన తప్పులు 4.

దశ 2: సిరా (జూన్ 10 – జులై 6)

ఆ కాలపు సిరా ఎక్కువగా ఇనుము, కషాయం కలిసి నల్లబడే రకం. ఓక్ చెట్టు ఆకుల మీద, కొమ్మల మీద పురుగు గుడ్డు పెట్టినప్పుడు పుట్టే కాయల వగరు రసంలో అన్నభేది అనే ఇనుప లవణం కలుపుతారు. ఆ కాయ మన మూలికల దుకాణంలో మాచికాయ పేరుతో దొరుకుతుంది. ధర చూసి వెనక్కి తగ్గి, కరక్కాయతో మొదలుపెట్టాను. వగరు విషయంలో కరక్కాయ ఏమీ తీసిపోదు. పెడనలో, శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను ముందు కరక్కాయ, పాలలో ముంచి, ఇనుము బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో అచ్చు వేసినా, గీసినా నల్లగా పట్టేది ఈ వగరు వల్లే. సిరా సూత్రమూ అదే.

మొదటి వాయి. 50 గ్రాముల కరక్కాయ పెచ్చులు, అర లీటరు నీళ్ళు. చేతికి దొరికిన ఇనుప మూకుడులో మరిగించాను. అదే తప్పు. అన్నభేది వేయకముందే మూకుడు ఇనుముతో కలిసి రసం నల్లబడి, చల్లారేసరికి అడుగున బురదలా పేరుకుంది. వడకట్టినా పాళీ చీలికలో ఆ నలుసు అడ్డుపడింది. ఈ పనికి స్టీలు గిన్నె లేదా మట్టికుండ వాడాలి.

రెండో వాయి. గిన్నె మార్చాను. ఈసారి అన్నభేది మోసం చేసింది. డబ్బాలో ఎప్పటిదో, పసుపు గోధుమ రంగు పొడిగా మారి ఉంది. సిరా పలుచటి బూడిదరంగులో ఆగిపోయింది. మరో దుకాణంలోని పెద్దాయన నా సీసా చూసి, ‘అన్నభేది పచ్చగా ఉంటేనే తీసుకోవాలి బాబూ. గాలి తగిలి తుప్పు పట్టినది మందుకూ పనికిరాదు, రంగుకూ పనికిరాదు’ అన్నారు. ఆయన ఇచ్చినది లేత ఆకుపచ్చ పలుకులు, గాజు ముక్కల్లా ఉన్నాయి.

మూడో వాయి. ఈసారి మాచికాయే కొన్నాను. 30 గ్రాములు దంచి, 300 మిల్లీలీటర్ల నీటిలో రెండు రోజులు నానబెట్టి, అరగంట సన్నమంట మీద ఉంచి, పలుచటి గుడ్డలో వడకట్టాను. పచ్చ అన్నభేది 15 గ్రాములు, తుమ్మజిగురు 10 గ్రాములు. బూజు పట్టకుండా రెండు లవంగాలు. నలుపు అద్భుతంగా వచ్చింది. కరక్కాయ నలుపులో ఒక పసుపు ఛాయ ఉండేది, ఇందులో లేదు. సంబరపడి నాలుగు కాగితాలు రాసేశాను. ఇరవై రోజులకు ప్రతి అక్షరం చుట్టూ గోధుమరంగు అంచు కట్టింది. అన్నభేది ఎక్కువై, వగరుతో కలవకుండా మిగిలింది కాగితంలోకి పాకుతోంది. ఈ సిరా ఎక్కువ కాలంలో కాగితాన్నే తినేస్తుంది.

నాలుగో వాయి. మిగతావన్నీ అవే, అన్నభేది మాత్రం 10 గ్రాములు. మాచికాయకు మూడో వంతు. ఇదే ఖాయం చేశాను. ఇప్పటికి అంచు కట్టలేదు.

రాసిన వెంటనే ఈ సిరా పలుచటి టీ నీళ్ళలా కనిపిస్తుంది. గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. ఒకే గీతను వరుసగా గమనించాను: పది నిమిషాలకు బూడిదరంగు, గంటకు ముదురు, మర్నాటికి నలుపు. సాధనలో ఇదే కష్టమైంది. ఐదో ఉత్తరాన్ని (అప్పటికి స్క్రిప్టులో ఐదు ఉన్నాయి) నటుడు వేదిక మీద రాయాలి. మూడో వరుస నుంచి చూస్తే ఖాళీ కాగితం మీద కలం ఆడిస్తున్నట్టే ఉంది. నీలిమందు పొడి కలిపాను, కరగకుండా అడుక్కి దిగింది. చివరికి 50 మిల్లీలీటర్లకు 5 మిల్లీలీటర్ల మామూలు నీలం ఫౌంటెన్ పెన్ సిరా కలిపితే సరిపోయింది. రాస్తున్నప్పుడు నీలం, ఆరాక నలుపు. ఈ సీసాను వేరుగా ఉంచి ‘వేదిక’ అని చీటీ అంటించాను.

దర్శకుడు గారికీ నాకూ పెద్ద వాదన జరిగింది ఇక్కడే. కాగితాన్ని టీ డికాక్షన్‌లో ముంచి పసుపు రంగు తెప్పించమన్నారు. రెండు కాగితాలు ముంచి చూపించాను. టీలో ఉన్న వగరు నా సిరాలోని ఇనుముతో కలిసి, అక్షరాల చుట్టూ బూడిదరంగు మబ్బు కమ్మింది. అది అలా ఉంచినా, అసలు అభ్యంతరం వేరు. మనకు మ్యూజియంలో కనిపించే ఉత్తరం గోధుమరంగులో ఉండేది నూట యాభై ఏళ్ళు గడిచాయి కాబట్టి. మాంబ్రే కవరు చించిన రోజున ఆ కాగితం తెల్లగా ఉంది, సిరా నల్లగా ఉంది. నాటిక జరిగేది ఆ రోజున. దర్శకుడు గారు ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఖర్చు: మాచికాయ 150, కరక్కాయ 60, అన్నభేది రెండుసార్లు 110, జిగురు 60. ఇప్పటిదాకా రూ. 380. చెడిన కాగితాలు 6.

దశ 3: కాగితం, తూకం (జులై 7 – జులై 21)

నేను తీసుకున్న కొలత: విప్పితే 26.4 × 20.4 సెంటీమీటర్లు. మధ్యకు మడిస్తే నాలుగు పుటల చిన్న పుస్తకంలా ఉంటుంది. మళ్ళీ ఒక్క మడత వేస్తే 14 × 11 కవరులో ఒదుగుతుంది.

వందో వంతు గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను. రంగసామగ్రికి త్రాసు ఎందుకని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ కాలంలో ఉత్తరం వెల తూకాన్ని బట్టి ఉండేది. 1857లో పారిస్ లోపలే తిరిగే ఉత్తరానికి 15 గ్రాముల దాకా 10 సాంటీమ్‌లు (సాంటీమ్ అంటే ఫ్రాంకులో వందో వంతు). ఊరు దాటితే 20 సాంటీమ్‌లు, అదీ ఏడున్నర గ్రాములకే. నేను మొదటి ఉత్తరానికి తీసుకున్న, చదరపు మీటరుకు 85 గ్రాములు తూగే రకం బాండు కాగితం ఒక షీటు 4.58 గ్రాములు తూగింది. కవరు 2.4. బిళ్ళతో కలిపి దాదాపు 7. అర షీటు చేర్చి ఊరు దాటించాలంటే వెల పెరుగుతుంది. రాసేవాడు పుట చివర అక్షరాలు ఎందుకు ఇరికిస్తాడో, అంచు వెంట ఎందుకు నిలువుగా రాస్తాడో త్రాసు ముందు కూర్చుంటే అర్థమవుతుంది. మొదటి ఉత్తరం ఊరు దాటకపోయినా, చివరి మూడు వరుసలను నేను అంచు మీద నిలువుగా రాసింది ఆ అలవాటు చూపడానికే.

రెండో ఉత్తరం దగ్గర రెండు వారాలు గడిచాయి. అది 1870–71లో జర్మన్ సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరం నుంచి బెలూన్‌లో వెళ్ళే ఉత్తరం. మొదటి తపాలా బెలూన్ ‘నెప్ట్యూన్’ 1870 సెప్టెంబర్ 23న ఎగిరింది. ఉత్తరం 4 గ్రాములు దాటకూడదు, వెల 20 సాంటీమ్‌లు.

1. 70 గ్రాముల కాగితం, కవరుతో: 6.2 గ్రాములు. పనికిరాదు.
2. కవరు లేకుండా కాగితాన్నే మడిచి లక్కతో మూస్తే: 4.4. లక్క ఒక్కటే 0.6 ఉంది.
3. లక్క బదులు జిగురు: 3.9. సరిపోయిందనుకున్నాను. మర్నాడు ముసురు పట్టింది, అదే ఉత్తరం 4.05 చూపించింది. కాగితం గాలిలోని తడి పీల్చుకుంటుంది. వర్షాకాలంలో తూకం వేసేవాళ్ళు అంచుకు దగ్గరగా వెళ్ళవద్దు.
4. టైపు నకళ్ళకు వాడే 30 గ్రాముల పలుచటి కాగితం: 1.8. తూకం బాగుంది, కానీ సిరా రెండో వైపుకు దిగి రెండు పుటలూ కలిసిపోయాయి.
5. 45 గ్రాముల కాగితం, ఒక వైపే రాత: 2.6. ఇదే తుది.

ఐదో ప్రయత్నం నా చేతిలో నిలిచిన రోజు సాయంత్రం రచయిత్రి గారు ఫోను చేశారు. ముట్టడి సమయంలో మాంబ్రే పారిస్ బయట ఉన్నాడని చెప్పే ఆధారం తన దగ్గర లేదని, లోపలి మనిషికి బెలూన్‌లో ఉత్తరం పంపడం అర్థం లేని పని అవుతుందని అన్నారు. ఆ ఉత్తరం నాటిక నుంచి పోయింది. ఆమె చెప్పింది న్యాయం. నాకు బాధగానే ఉంది. ఆ 2.6 గ్రాముల కాగితం ఇప్పుడు నా బల్ల మీద అద్దం కింద ఉంది. ఐదు ఉత్తరాలు నాలుగయ్యాయి. వరుస సంఖ్యలు మాత్రం మార్చలేదు.

ఖర్చు: త్రాసు 750, కాగితాలు 420. ఇప్పటిదాకా రూ. 1,550. చెడిన కాగితాలు 15.

దశ 4: పాళీ, చేతిరాత (జులై 22 – ఆగస్టు 10)

1857 నాటికి ఈక కలం వెనక్కి వెళ్ళి ఉక్కు పాళీ రాజ్యమేలుతోంది. ఫ్రాన్సులోనే బులోన్ సుర్ మేర్ పట్టణంలో 1846 నుంచి పాళీల కర్మాగారం నడిచింది. కాబట్టి ఈక వద్దన్నాను. నెమలీక పట్టుకుని రాసే దృశ్యం పోస్టరులో ఉంటే దాన్నీ మార్పించాను.

ఉత్తరం లోపల ఏ భాషలో రాయాలి? గో చేతిరాతను అనుకరించి, ఆయన రాయని ఫ్రెంచి మాటలు ఆయన సంతకంతో పుట్టించడం నాకు ఇష్టం లేదు. రేపు ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో తెలియదు. అందువల్ల కవరు మీద చిరునామా ఫ్రెంచిలో, లోపల నటుడు చదివే తెలుగు మాటలే, సంతకం ఉండాల్సిన చోట పొడి అక్షరం మాత్రం. వెనుక మూలన పెన్సిలుతో ‘నాటిక కోసం చేసినది’ అని రాసి ఉంది. నటుడికీ సుఖమే, కంఠస్థం తప్పినా చేతిలో మాట ఉంటుంది.

సన్నటి ఉక్కు పాళీతో తెలుగు రాయడం నేను ఊహించినంత సులువు కాదు. ఆ పాళీ కిందికి లాగితే విచ్చుకుని లావు గీత పెడుతుంది, పైకి తోస్తే కాగితంలో గుచ్చుకుంటుంది. ఫ్రెంచి రాత ఒక వాలులో సాగుతుంది కాబట్టి సరిపోతుంది. మన అక్షరం గుండ్రన. ‘ఠ’ రాయాలంటే పాళీ చుట్టూ తిరగాలి, సగం దారి పైకే. తలకట్టు దగ్గర ప్రతిసారీ మొన ఎగిరి సిరా చిమ్మింది. తాటాకు మీద గంటంతో రాసిన చేతులు గుండ్రదనానికి అలవాటుపడ్డాయి. ఈ పాళీకి ఆ అలవాటు లేదు.

కుదిరిన పద్ధతి:

1. బాగా వంగే పాళీ పక్కనపెట్టి, గట్టి మొన ఉన్నది తీసుకోవాలి.
2. కొత్త పాళీని గోరువెచ్చని సబ్బు నీటితో కడగాలి. దాని మీద నూనె పూత ఉంటుంది, కడగకపోతే సిరా నిలవదు.
3. కాగితాన్ని ఎడమకు ముప్పై డిగ్రీలు తిప్పాలి. అప్పుడు తలకట్టు పైకి కాక పక్కకు వెళుతుంది.
4. పాళీని మూడో వంతు మాత్రమే ముంచి, సీసా అంచుకు తాకించి తీయాలి. ఒక్క ముంచుకు నాకు ఐదారు మాటలు వచ్చాయి.
5. అద్దుడు కాగితం వెంటనే వేయకూడదు. తడి సిరా తీసేస్తే నల్లబడటానికి ఏమీ మిగలదు. నా మూడో నకలులో చివరి పేరా మొత్తం బూడిదరంగులో ఉండిపోయింది ఇందుకే. అలా వదిలేసి ఆరనివ్వాలి.
6. పని అవగానే పాళీ కడిగి తుడవాలి. ఈ సిరా పులుపు, ఒక రాత్రి వదిలేసిన పాళీ తెల్లారేసరికి తుప్పు పట్టింది.

గో రాసినవి మూడు (1857, 1871, 1874), మాంబ్రే రాసినది ఒకటి. చేతులు రెండు కాబట్టి రాతలూ రెండు కావాలి. ముందు నేనే రాత మార్చి రాయబోయాను. రెండో పుటకు వచ్చేసరికి నా ‘క’ మళ్ళీ నా ‘క’ అయిపోయింది. మాంబ్రే ఉత్తరం మా చెల్లెలు రాసింది. సంగీతం నేర్చుకున్న చేయి, అక్షరాల మధ్య ఖాళీ సమంగా వస్తుంది. నాటికలో ఆ తేడా మొదటి వరుసకైనా కనిపిస్తుందని నా నమ్మకం.

మాంబ్రే రాసే ఐదో ఉత్తరం 1881 నాటిది. ఆ ఏడాది గోకు లీజియన్ దానర్ పురస్కారం వచ్చింది. నటులను ఆ గౌరవానికి దూరంగా ఉంచిన దేశంలో, వేదిక మీద ఇంకా నటిస్తున్న మనిషికి దక్కడం చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది మాంబ్రే పోయాడు. రచయిత్రి గారు అక్కడే నాటిక ముగించారు.

ఖర్చు: పాళీలు 250, కలం కర్రలు 120. ఇప్పటిదాకా రూ. 1,920. చెడిన కాగితాలు 29.

దశ 5: బిళ్ళలు, ముద్రలు (ఆగస్టు 11 – ఆగస్టు 24)

బిళ్ళలు మూడు చాలు, లండన్ ఉత్తరానికి అవసరం లేదు. అసలు కొలత కంటే పది శాతం చిన్నవిగా అచ్చు వేయించి, వెనుక ‘నకలు’ అని ముద్ర కొట్టించాను. ఎవరూ మోసపోకూడదు.

మొదటి అచ్చులోనే పొరపాటు చేశాను. 10 సాంటీమ్‌ల గోధుమరంగు బిళ్ళ అని చూసి, సెరెస్ దేవత తల ఉన్నదాన్ని తీసుకున్నాను. అది రిపబ్లిక్ కాలపు బిళ్ళ. 1857లో గద్దె మీద ఉన్నది మూడో నెపోలియన్. బిళ్ళ మీద ఆయన తల, ‘సామ్రాజ్యం’ అన్న మాట ఉండాలి. వెల ఒకటే, రంగు దాదాపు ఒకటే, పాలన వేరు. మళ్ళీ వేయించాను.

ఖాయమైన జాబితా:

1. 1857: నెపోలియన్ తల, 10 సాంటీమ్‌లు, గోధుమరంగు. అంచున రంధ్రాలు లేవు, కత్తెరతో కోయాలి. ఫ్రాన్సులో రంధ్రాల బిళ్ళలు 1862లో వచ్చాయి.
2. 1874: సెరెస్ తల, 15 సాంటీమ్‌లు, గోధుమరంగు, రంధ్రాలతో. యుద్ధం తర్వాత 1871 సెప్టెంబర్ నుంచి పారిస్ లోపలి వెల 15కు పెరిగింది.
3. 1881: 15 సాంటీమ్‌ల నీలం బిళ్ళ, శాంతి, వాణిజ్య దేవతలు చేతులు కలిపిన బొమ్మ.

రంధ్రాలు మా అమ్మ కుట్టుమిషన్ మీద వేశాను. ఆ బిళ్ళలకు రెండు సెంటీమీటర్లలో అడ్డంగా 14, నిలువుగా పదమూడున్నర రంధ్రాలు. అంటే రంధ్రానికీ రంధ్రానికీ మధ్య సుమారు 1.43, 1.48 మిల్లీమీటర్లు. మిషన్ కుట్టు పొడవు 2 దగ్గర ఉంచి తొక్కితే రెండు సెంటీమీటర్లకు పదే పడ్డాయి. ఒకటిన్నరకు తగ్గిస్తే పదమూడుకు పైన వచ్చాయి, కంటికి తేడా తెలియదు. 16 నంబరు సూది రంధ్రాలను చీల్చి కలిపేసింది. 11 నంబరు సూదితో, కింద పాత వార్తాపత్రిక పరిచి నెమ్మదిగా తొక్కితే శుభ్రంగా పడ్డాయి. అమ్మ పక్కనే నిలబడి, ‘దారం లేకుండా కుట్టడం ఇప్పుడే చూస్తున్నాను’ అంటూనే చక్రాన్ని చేత్తో తిప్పడం చూపించింది. చివరి రెండు బిళ్ళలు ఆమె వేసినవే, నావాటికంటే వరుస బాగుంది.

ముద్రలను పెన్సిలు రబ్బరు మీద చెక్కాను. 1857కు చుక్కల డైమండు ఆకారం. 1874కు చుక్కల నక్షత్రం, పారిస్ తపాలా 1863 నుంచి 1876 దాకా వాడినది. ఆ రెండు కాలాల్లో బిళ్ళ మీద చుక్కల ముద్ర, తేదీ ఉన్న గుండ్రటి ముద్ర కవరు మీద వేరేచోట కొట్టేవారు. 1876 నుంచి తేదీ ముద్రనే నేరుగా బిళ్ళ మీద కొట్టారు. కాబట్టి ఐదో ఉత్తరానికి ఒక్క ముద్రే. మొదట నక్షత్రాన్ని మూడింటికీ కొట్టేశాను. రెండు కవర్లు పోయాయి.

ఖర్చు: రెండుసార్లు అచ్చు 200, రబ్బర్లు, ముద్ర సిరా 180. ఇప్పటిదాకా రూ. 2,300. చెడిన కాగితాలు 34.

దశ 6: సాధనలో తేలినవి (ఆగస్టు 25 – సెప్టెంబర్ 12)

పదకొండు సాధనల తర్వాత నాలుగో ఉత్తరం మడత దగ్గర చిరిగింది. మడత మీద అక్షరాలు ఉన్నచోట ముందు చీలింది, ఖాళీగా ఉన్నచోట నిలిచింది. కొత్త నకలులో మడత గీత మీద వరుస పడకుండా ఆరు మిల్లీమీటర్లు వదిలి రాశాను.

లక్క మూత మొదటి ఉత్తరానికి మాత్రమే ఉంచాను. నటుడు దాన్ని చించేటప్పుడు వచ్చే చిటపట శబ్దం వెనుక వరుస దాకా వినిపించింది. ప్రతి ప్రదర్శనకూ కొత్త మూత వేయాలి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, 0.6 గ్రాముల లక్క పడుతున్నాయి. లక్క కర్రలకు 90 అయింది.

లండన్ ఉత్తరానికి కవరు తీసేసి, నాలుగుగా మడిచి కోటు లోపలి జేబులో పెట్టించాను. తెచ్చిన మనిషి టోపీ తీసి దాన్ని ఇచ్చేటప్పటికి కాగితం ఒంటి వేడికి మెత్తబడి, జేబు వంపు తీసుకుని ఉంటుంది. దానికి నేను ఏ పనీ చేయనక్కరలేకపోయింది.

మొత్తం: రూ. 2,390. చెడిన కాగితాలు 36. నిలిచిన ఉత్తరాలు 4, వాటి నకళ్ళు 3. మాంబ్రే ఉత్తరానికి నకలు ఇంకా కావాలి. చెల్లెలు ఆదివారం వస్తుంది, 70 గ్రాముల కాగితం రెండు షీట్లు, వేదిక సిరా పక్కన తీసిపెట్టాను.